కాగితం లేకుండా ఏడు నిమిషాలు: 45 రోజుల ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలుపెట్టానో ముందు చెప్తాను. ఆఫీసులో ఒక మీటింగులో పదిహేను మంది ముందు మాట్లాడాల్సి వచ్చింది. నాలుగు పేజీలు రాసుకుని, రాత్రంతా కూర్చుని బట్టీ పట్టాను. మొదటి రెండు పేజీలు బాగానే నడిచాయి. మూడో పేజీ మొదటి పదం గుర్తు రాలేదు. అంతే, దాని వెనకున్నదంతా దాంతోపాటే పోయింది. రెండేళ్లుగా రోజూ నేను చేస్తున్న పని గురించే మాట్లాడుతున్నాను, అయినా ఒక్క ముక్క నోటికి రాలేదు. చివరికి జేబులోంచి కాగితం తీసి చదివేసి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. కానీ తెలిసిన విషయాన్ని తెలిసినట్టు చెప్పలేకపోయానన్న బాధ చాలా రోజులు వదల్లేదు.

అందుకే ఈ ప్రాజెక్టు. 45 రోజులు, రోజుకి అరగంట. చివర్లో ఒక ప్రసంగాల క్లబ్బులో కాగితం లేకుండా ఏడు నిమిషాలు మాట్లాడాలి. మధ్యలో కనీసం ఒక డిబేట్ చేయాలి. నా దగ్గరున్నవి ఫోన్‌లో రికార్డర్, ఒక నోట్‌బుక్, వినడానికి అక్క, పదకొండేళ్ల మేనల్లుడు.

ప్రసంగానికి ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ కథ తీసుకున్నాను. డాక్టర్లు చేతులు కడుక్కుంటే బాలింతల ప్రాణాలు నిలుస్తాయని 1847లో వియన్నాలో లెక్కలతో సహా చూపించినా, తోటి డాక్టర్లలో చాలామందిని ఒప్పించలేకపోయిన మనిషి. నాకున్న సమస్యకి ఇంతకంటే దగ్గరి కథ దొరకలేదు.

1వ రోజు

ఏ తయారీ లేకుండా రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేశాను. వింటే అది నా గొంతులాగే లేదు. దీనికి కారణం ఉంది. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు మనకి గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది, ఆ దారిలో కింది స్థాయి శబ్దాలు బలంగా చేరతాయి. రికార్డింగులో ఆ భాగం ఉండదు కాబట్టి గొంతు పలచగా, పరాయిగా అనిపిస్తుంది. మిగతా వాళ్లకి రోజూ వినిపించేది రికార్డింగులో ఉన్న ఆ గొంతే. ఇది తెలిశాక నా గొంతు మీద పెట్టుకున్న దిగులు సగం పోయింది. అది సరిచేయాల్సిన లోపం కాదు, నేను అలవాటు పడాల్సిన విషయం.

సరిచేయాల్సింది వేరే ఉంది. రెండు నిమిషాల్లో 31 సార్లు ‘అంటే’ అన్నాను. ‘యాక్చువల్‌గా’లు, ‘ఆఁ’లు ఆ లెక్కలో లేవు.

3వ రోజు

టోస్ట్‌మాస్టర్స్ అనే ప్రసంగాల క్లబ్బుల్లో ఆ-కౌంటర్ అని ఒకరుంటారు, మాట్లాడేవాళ్ల ఊతపదాలు లెక్కపెట్టడమే వాళ్ల పని. ఆ పని మేనల్లుడికి అప్పజెప్పాను. ఎదురుగా కూర్చుని, నేను ‘అంటే’ అన్నప్పుడల్లా గాజు గ్లాసులో ఒక గోళీ వేస్తాడు. టంగుమని చప్పుడు. మొదటి సాయంత్రం ఆ చప్పుడుకి బెదిరి లెక్క 38కి పెరిగింది. పడిందన్న ఆలోచనలోనే ఇంకోటి పడేది.

పద్ధతి మానేద్దామనుకున్నాను కానీ, రికార్డింగుని ఉన్నదున్నట్టు, ‘ఆఁ’లతో సహా కాగితం మీద రాసి చూశాను. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఈ గంట పనే. ఎర్ర పెన్నుతో ఊతపదాలన్నీ చుట్టాక ఒకటి స్పష్టంగా కనిపించింది. అవి వాక్యం మధ్యలో దాదాపు లేవు, ఒక పాయింటు అయిపోయి ఇంకో పాయింటు మొదలయ్యే చోటే గుంపులుగా ఉన్నాయి. నోటికి పట్టిన అలవాటు అనుకున్నాను, కానీ తర్వాత ఎటు వెళ్లాలో తెలియక నేను చేస్తున్న కాలయాపన అది. నోరు మూసుకుని ఆగడానికి భయపడి ఆ ఖాళీని ‘అంటే’తో పూడుస్తున్నాను. ‘అంటే’ అనడం మానడం కాదు, ఆగడం నేర్చుకోవాలి.

నాలుగో రోజు నుంచి గోళీ రూలు మార్చాం. పాయింటు అయ్యాక నేను పెదవులు మూసి ఒక ఊపిరి తీసుకుంటే గ్లాసులోంచి ఒక గోళీ బయటికి వస్తుంది. వాడికి ఈ ఆట బాగా నచ్చింది. ఆరో రోజుకి 19.

9వ రోజు

టెన్షన్ సంగతి. మాట్లాడబోయే ముందు గుండె దడ, చేతుల్లో చెమట, నోరు ఎండిపోవడం అడ్రినలిన్ చేసే పని. ఒంటిని అది పరుగుకో పోరుకో సిద్ధం చేస్తుంది, ఎదురుగా ఉన్నది పులా మైకా అని చూడదు. నేను వాడుతున్నవి రెండే. ఊపిరి తీసుకున్న దానికంటే వదలడం పొడుగ్గా, నాలుగు లెక్కపెట్టి తీసుకుంటే ఎనిమిది లెక్కపెట్టి వదలడం. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, దాన్ని పొడిగిస్తున్నాం అంతే. రెండోది, ‘శాంతంగా ఉండు’ అని నాకు నేను చెప్పుకోవడం మానేసి ‘ఉత్సాహంగా ఉంది’ అని పైకి అనడం. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగాల్లో, అలా అనుకున్నవాళ్లు ప్రశాంతంగా ఉండాలనుకున్నవాళ్ల కంటే బాగా మాట్లాడారు. దడని అణచడం కష్టం, దానికి పేరు మార్చడం తేలిక.

ఇంకో మాట. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే పరిశోధకులు 2003లో చూపించింది ఏంటంటే, మన కంగారు మనం అనుకున్నంతగా బయటికి కనపడదు. నేనే పరీక్షించుకున్నాను. కాళ్లు వణికిపోయాయని నేననుకున్న వీడియో అక్కకి చూపించి ఎక్కడ భయపడ్డానో చెప్పమన్నాను. రెండుసార్లు చూసింది. “ఎక్కడ్రా?” అంది.

13వ రోజు

ఈ రోజు కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను మీటింగులో ఎందుకు ఆగిపోయానో ఇవాళ తెలిసింది.

ప్రసంగం మొదటి డ్రాఫ్టులో ఈ వాక్యం ఉంది: ‘1847లో వియన్నా జనరల్ ఆసుపత్రిలోని మొదటి ప్రసూతి వార్డులో, శవపరీక్షలు చేసి నేరుగా పురుళ్లు పోయడానికి వచ్చే వైద్య విద్యార్థుల చేతుల ద్వారానే పురిటి జ్వరం బాలింతలకు సోకుతోందని సెమ్మెల్‌వైస్ గుర్తించారు.’ కాగితం మీద ఏ తప్పూ లేదు. అక్కకి చదివి వినిపిస్తే, “ఎవరి చేతులు?” అని అడిగింది.

తెలుగులో క్రియ చివర వస్తుంది. చదివేవాడి కన్ను వెనక్కి వెళ్లి రాగలదు, వినేవాడి చెవి వెళ్లలేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి, దేని ద్వారా అన్నవన్నీ చేతుల్లో పట్టుకుని, చివర్లో ‘గుర్తించారు’ వచ్చేదాకా మోస్తూ ఉండాలి. దాని మీద ‘వెళ్లి, చూసి, అడిగి, తెలుసుకుని’ అని మనం కట్టే గొలుసులు ఇంకా బరువు. వ్యతిరేకార్థం అయితే మరీ ఘోరం. ‘దీనివల్ల పిల్లలకి మేలు జరుగుతుందనీ, తల్లిదండ్రులకి తీరిక దొరుకుతుందనీ నేను అనుకోవడం లేదు’ అన్నప్పుడు, వినేవాళ్లు చివరి మాట దాకా నేను ఒప్పుకుంటున్నాననే అనుకుంటారు. ఆఖరి క్షణంలో విన్నదంతా తిరగేసుకోవాలి. వాళ్లకే కాదు, మాట్లాడే నాకూ అదే బరువు. అలాంటి వాక్యాన్ని బట్టీ పడితే మధ్యలో ఒక్క కొక్కెం ఊడినా గొలుసంతా జారిపోతుంది. మీటింగులో జరిగింది సరిగ్గా అదే.

మూడు గంటలు కూర్చుని ఆ ఒక్క వాక్యాన్ని విరగ్గొట్టాను:

‘ఒకే ఆసుపత్రి. రెండు ప్రసూతి వార్డులు. ఒకదాంట్లో మంత్రసానులు పురుళ్లు పోస్తారు. రెండోదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు. బాలింతలు ఎక్కువగా చనిపోతున్నది ఎక్కడో తెలుసా? డాక్టర్ల వార్డులో.’

అక్క ఈసారి ఏమీ అడగలేదు. చేతిలో ఉన్న పని ఆపేసి నా వైపు చూసింది.

14, 15 రోజులు ప్రసంగమంతా ఇలాగే విరగ్గొట్టడానికి పోయాయి. కొత్త రూలు: నిలబడి, పైకి మాట్లాడుతూ మాత్రమే తయారుచేయాలి. రాయడం తర్వాత, అదీ నోటితో అన్నది మాత్రమే.

18వ రోజు

బట్టీ మానేశాను. మరి గుర్తుండేదెలా? సిమోనిడీస్ అనే గ్రీకు కవి గురించి రోమన్ వక్త సిసిరో చెప్పిన పాత కథ ఒకటుంది. విందు జరుగుతున్న భవనం కప్పు కూలితే, ఎవరు ఎక్కడ కూర్చున్నారో గుర్తు తెచ్చుకుని ఆయన శవాలను గుర్తుపట్టాడట. చోటుని గుర్తుపెట్టుకుంటే విషయం దాని వెంటే వస్తుందన్న పద్ధతి అక్కడే పుట్టిందంటారు.

మా ఇంట్లో ఐదు చోట్లు ఎంచుకున్నాను. గుమ్మం దగ్గర రెండు వార్డులు. సోఫా మీద కొలెచ్‌కా, సెమ్మెల్‌వైస్ స్నేహితుడు, శవపరీక్షలో కత్తి గాటు పడి పురిటి జ్వరం లాంటి లక్షణాలతోనే చనిపోయినవాడు. సింకు దగ్గర చేతులు కడిగిన బ్లీచింగ్ పౌడర్ నీళ్లు. బల్ల మీద లెక్కలు. కిటికీ దగ్గర, ఎవరూ నమ్మకపోవడం. వాక్యాలు ఏవీ ఖాయం చేయలేదు, గదిలో నడిచినట్టు నడవడమే. రోజూ మాటలు మారుతున్నాయి, దారి మారడం లేదు. రెండు రోజుల్లో పట్టుబడింది.

22వ రోజు

లెక్కల దగ్గర ఇబ్బంది. మొదటి వార్డులో 1847 ఏప్రిల్‌లో మరణాలు 18.3 శాతం. మే నెల మధ్యలో చేతులు కడగడం మొదలయ్యాక జూన్‌లో 2.2, జూలైలో 1.2. నాకు ఒళ్లు జలదరించే అంకెలవి. మేనల్లుడికి చెప్తే ముఖంలో ఏ మార్పూ లేదు. శాతం అనేది వాడికి పరీక్షలో వచ్చేది.

అప్పుడు గ్లాసులోంచి పదకొండు గోళీలు తీసి నేల మీద వరసగా పెట్టాను. “ఇవి పదకొండు మంచాలు. ఒక్కో మంచం మీద ఒక అమ్మ.” రెండు గోళీలు తీసేశాను. వాడు ఖాళీ అయిన ఆ రెండు చోట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి, “చేతులు కడుక్కున్నాక ఎన్ని మంచాలకి ఒకటి?” అని అడిగాడు. లెక్క వేసి చెప్పాను, జూలైలో దాదాపు ఎనభై మూడింటికి ఒకటి. “అన్ని గోళీలు లేవు మామయ్యా,” అన్నాడు. ఆ తర్వాత అడిగాడు, “మరి ఎందుకు నమ్మలేదు?”

ఆ ప్రశ్న ప్రసంగంలోకి యథాతథంగా వెళ్లింది. శాతాలు బయటికి పోయాయి, పదకొండు మంచాలు మిగిలాయి.

27వ రోజు

మన మాటల ప్రభావంలో 7 శాతమే పదాలది, 38 శాతం గొంతుది, 55 శాతం ముఖానిది అని ఒకరు నాకు సలహాగా చెప్పారు. ఇది చాలా చోట్ల వినిపించే మాట, నేనూ నమ్మాను, చూస్తే అలా కాదు. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాలు ఇష్టాయిష్టాల గురించి. పదం ఒకటి చెప్తూ, గొంతూ ముఖమూ ఇంకోటి చెప్తే మనుషులు దేన్ని నమ్ముతారన్నది వాటిలో ప్రశ్న. ప్రసంగాలన్నిటికీ వర్తించే లెక్క కాదది. చేతులు ఎలా ఊపాలన్నదాని మీద పెట్టిన రెండు రోజులు ఆపేసి మళ్లీ పదాల మీదకి వచ్చాను.

30వ రోజు

డిబేట్. విషయం: ‘ప్రాథమిక తరగతుల పిల్లలకి హోంవర్క్ ఉండకూడదు.’ నేను అనుకూలం, అక్క వ్యతిరేకం. బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతిలో ఒక్కొక్కరికీ ఏడు నిమిషాలు, మొదటి నిమిషం, చివరి నిమిషం వదిలేసి మధ్యలో ఎదుటివాళ్లు లేచి 15 సెకన్ల లోపు ప్రశ్న వేయొచ్చు. అసలు పోటీలో నాలుగు జట్లుంటాయి, మేం ఇద్దరమే కాబట్టి ఐదు నిమిషాలకి కుదించుకున్నాం.

అక్క మొదలుపెట్టింది, రోజూ ఇంట్లో కాస్త చేస్తేనే నిలుస్తుందని. నేను లేచి, గంటల తరబడి పుస్తకాల్లో మునిగిపోయిన పిల్లలు, పోయిన ఆటలు, పోయిన నిద్ర అంటూ బాగా వేడిగా మాట్లాడాను. అక్క లేచి నిలబడింది.

“గంటలని నేను అనలేదురా. పది నిమిషాలన్నాను. నువ్వు ఎవరితో వాదిస్తున్నావు?”

జవాబు లేదు. ఆమె మాట్లాడినంతసేపూ నేను వినలేదు, తర్వాత ఏం అనాలో మనసులో పేర్చుకుంటున్నాను. మా రికార్డింగు మళ్లీ విన్నాను, ‘పది నిమిషాలు’ అని మూడుసార్లు అంది.

34వ రోజు

మన దగ్గర దీనికి ఎప్పటినుంచో పేర్లున్నాయి. న్యాయ దర్శనం, అంటే మన పాత తర్కశాస్త్రం, చర్చని మూడు రకాలుగా విడదీసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమేదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండం. మొండిగా వాదించే ఎవరినైనా ‘వితండవాదం’ అనేస్తాం కానీ, అసలు అర్థం ఇంకా పదునైంది. 30వ రోజున నేను చేసింది జల్పం, అదీ సరిగ్గా చేయలేదు.

అందుకే పూర్వపక్షం అన్న పద్ధతి పట్టుకున్నాను. ముందు ఎదుటివాళ్ల మాటని వాళ్లకంటే బాగా చెప్పాలి, వాళ్లు ‘ఔను, అదే’ అన్నాకే జవాబు మొదలుపెట్టాలి.

“అక్కా, నువ్వనేది ఇదే కదా. బళ్లో చెప్పింది ఇంట్లో ఒకసారి చూసుకోకపోతే మర్చిపోతారు, కాబట్టి పది నిమిషాలైనా ఉండాలి. ఔనా?”

“ఔను. ఇంకోటి కూడా ఉంది. వాడు బళ్లో ఏం నేర్చుకుంటున్నాడో నాకు తెలిసేది ఆ పది నిమిషాల్లోనే.”

ఈ రెండోది ఆమె మొదటిసారి అసలు చెప్పనేలేదు. నేను అరుస్తుంటే చెప్పే వీలు దొరకలేదట. ఆమె వాదనలో అన్నిటికంటే బలమైన ముక్క అదే, దానికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. నా పక్షాన్నే మార్చుకున్నాను: హోంవర్క్ వద్దు అనడం మానేసి, రాతపని వద్దు, పిల్లవాడు ఇంట్లోవాళ్లకి చెప్పి వినిపించే పది నిమిషాలు చాలు అన్నాను. ఈసారి అక్క కాసేపు ఆలోచించి జవాబిచ్చింది.

వాదన కట్టడానికీ న్యాయం వాళ్ల ఐదు మెట్లే వాడుతున్నాను: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లోలాగా. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పుంది. నా పాత వాదనలన్నీ దీని మీద పెట్టి చూస్తే, నేను ప్రతిసారీ దాటేసేది నాలుగోది. వంటింటి గురించి బ్రహ్మాండంగా చెప్పి, అది ఈ కొండకి ఎలా వర్తిస్తుందో చెప్పకుండా ముగించేస్తాను.

39వ రోజు

ప్రసంగం తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు వచ్చింది. క్లబ్బులో ఐదో నిమిషానికి పచ్చ లైటు, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు. కోయాలి. సెమ్మెల్‌వైస్ బాల్యం పోయింది, అప్పటి వైద్య సిద్ధాంతాలు పోయాయి. 1861 దాకా పుస్తకం వేయకపోవడం, ఒప్పుకోని డాక్టర్లని బహిరంగ లేఖల్లో హంతకులని తిట్టడం ఉంచాను, మేనల్లుడి ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది కాబట్టి.

కోయడానికి మనసు ఒప్పనప్పుడు గెటిస్‌బర్గ్‌లో అమెరికా అధ్యక్షుడు లింకన్ చేసిన చిన్న ప్రసంగాన్ని తల్చుకున్నాను. 1863 నవంబరు 19న అక్కడ ముఖ్య వక్త ఎడ్వర్డ్ ఎవరెట్, రెండు గంటలు మాట్లాడాడు. తర్వాత లింకన్ దాదాపు రెండు నిమిషాలు. మీరు రెండు నిమిషాల్లో చేరిన చోటుకి నేను రెండు గంటల్లో చేరగలిగి ఉంటే సంతోషించేవాణ్నన్న అర్థంలో మర్నాడు ఎవరెట్టే లింకన్‌కి రాశాడు. ఆ ఉత్తరం నాకు ఆ ప్రసంగమంత ఇష్టం.

6:35కి వచ్చింది.

45వ రోజు

ఇరవై మంది దాకా ఉన్నారు. ‘ఒకే ఆసుపత్రి, రెండు ప్రసూతి వార్డులు’ అని మొదలుపెట్టాను, గుమ్మం దాటాను, సోఫా దాటాను. సింకు దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. అదే ఖాళీ, మీటింగులో ఉన్నదే.

పెదవులు మూశాను. ఒక ఊపిరి పూర్తిగా వదిలాను. రెండో వరసలో ఒకావిడ ముందుకి వంగి, తర్వాత ఏమైందన్నట్టు చూస్తోంది, నేను కావాలనే ఆగానని ఆమె అనుకుంటోందని అర్థమైంది. మా ఇంటి కుళాయి గుర్తొచ్చింది, నీళ్లు గుర్తొచ్చాయి, మాట వచ్చింది. ఆ ఆగడం నాకు నిమిషంలా అనిపించింది. రికార్డింగులో నాలుగు సెకన్లు.

పదకొండు మంచాల దగ్గర గది మొత్తం నిశ్శబ్దమైంది. 6:48కి ముగించాను.

తర్వాత ఒకాయన అడిగారు, “ఆయన కోప్పడకుండా మెల్లగా చెప్పి ఉంటే నమ్మేవారంటారా?” ముందు ఆయన ప్రశ్నని తిరిగి ఆయనకే చెప్పి, ఔనన్నాక జవాబిచ్చాను: ఖాయంగా చెప్పలేను, ఎందుకంటే మీ చేతులే చంపాయి అన్న మాట ఎంత మెత్తగా చెప్పినా వినడానికి కష్టమే, సూక్ష్మజీవుల సంగతి అప్పటికి తేలలేదు కూడా. కానీ లెక్కలు చేతిలో ఉన్న మనిషి వాటిని పద్నాలుగేళ్లు పుస్తకంగా తేకపోవడం మాత్రం నన్ను బాధపెడుతుంది. ఆయన తలూపారు, ఒప్పుకున్నారో లేదో తెలియదు.

ఇంటికి వచ్చి మేనల్లుడికి రికార్డింగు వినిపించాను. గ్లాసు తెచ్చుకుని కూర్చున్నాడు. ఏడు నిమిషాలకి ఆరు గోళీలు పడ్డాయి. సింకు దగ్గర ఆ నాలుగు సెకన్లు వచ్చినప్పుడు చేత్తో గోళీ పట్టుకుని ఎదురుచూశాడు, ఏమీ రాకపోయేసరికి గ్లాసులోంచి ఒకటి తీసి పక్కన పెట్టాడు. తర్వాత గ్లాసు నా వైపు జరిపి, “ఇప్పుడు నేను మాట్లాడతాను, నువ్వు వెయ్యి మామయ్యా,” అని లేచి నిలబడ్డాడు.